కదపకుండా కడిగిన రీలు

బ్లాక్ అండ్ వైట్ ఫిల్ము ఇంట్లో కడుక్కునేవాళ్ళకు మొదట నేర్పేది, ఫిల్మును వెలుతురు చొరకుండా పెట్టి మూసే ట్యాంకును తిప్పడమే. డెవలపర్, అంటే బొమ్మను బయటికి తెచ్చే రసాయనం, పోయగానే కాసేపు ఆగకుండా తిప్పాలి, ఆ తర్వాత ప్రతి నిమిషానికీ పది సెకన్లు తిప్పాలి, చివరిదాకా గడియారం మీంచి కన్ను తీయకూడదు. దీనికి పూర్తిగా ఎదురు పద్ధతి ఒకటుంది. డెవలపర్‌ని బాగా పలచన చేసి, మొదట్లో అరనిమిషం తిప్పి, ఇక గంటసేపు ట్యాంకును ముట్టుకోకుండా వదిలేయడం. దీన్ని స్టాండ్ డెవలప్‌మెంట్ అంటారు. మధ్యలో ఒక్కసారి తిప్పితే సెమీ స్టాండ్. బద్ధకస్తుల పద్ధతని దీనికి పేరు. తిప్పే పని తప్పే మాట నిజమే గానీ, ఆ గంట సవ్యంగా గడవాలంటే ముందు చేసుకోవాల్సిన ఏర్పాట్లు మామూలు పద్ధతికంటే ఎక్కువే.

నేను దీని జోలికి వెళ్ళడానికి కారణం హనుమకొండలోని వెయ్యి స్తంభాల గుడి. 1163లో కాకతీయ రుద్రదేవుడు కట్టించిన త్రికూటాలయం అది. లోపలి స్తంభాలు నున్నగా తీర్చిన నల్లరాయి. ఎండాకాలం మధ్యాహ్నం మంటపంలో నిలబడి బయటికి చూస్తే స్తంభం మీది చెక్కడమూ కనిపిస్తుంది, బయట ఎండకు మెరిసే రాతి నేలా కనిపిస్తుంది. మన కళ్ళు రెంటినీ సర్దుకుంటాయి. ఫిల్ముకు అంత ఓపిక లేదు. నా దగ్గరున్నది పెంటాక్స్ కె1000, 50 ఎంఎం లెన్సు, అందులో ఇల్ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్ ఫిల్ము, ఐఎస్‌ఓ 400. స్తంభానికి మీటర్ చూస్తే ఎఫ్ 2.8 దగ్గర సెకనులో 30వ వంతు చూపించింది. బయటి ఎండకు ఎఫ్ 16 దగ్గర 500వ వంతు. అంటే తొమ్మిది స్టాపుల తేడా, ఒక్కో స్టాపుకు వెలుతురు రెట్టింపు. లోపలికంటే బయట వెలుతురు ఐదొందల రెట్లు ఎక్కువన్నమాట. ట్రైపాడ్ పెట్టాలంటే పురావస్తు శాఖ అనుమతి కావాలి కాబట్టి, ఓ స్తంభానికి ఆనుకుని, ఊపిరి బిగబట్టి 60వ వంతులో నొక్కాను.

ఇలాంటి ఫ్రేములను అంతకుముందు డి-76 అనే డెవలపర్‌లో మామూలుగా తిప్పుతూ కడిగితే స్తంభం బాగానే వచ్చేది. బయటి భాగం మాత్రం నెగిటివ్‌లో కారునలుపు, స్కాన్‌లో తెల్లకాగితం. కదపకుండా కడిగితే ఈ బాధ తగ్గుతుందని చదివాను. ఎందుకు తగ్గుతుందో అర్థమయ్యాకే ధైర్యం వచ్చింది.

డెవలపర్ చేసే పని, వెలుతురు తగిలిన సిల్వర్ బ్రోమైడ్‌ని వెండిగా మార్చడం. వెలుతురు ఎక్కువ పడినచోట మార్చాల్సిన సరుకు ఎక్కువ, కాబట్టి అక్కడి డెవలపర్ త్వరగా అయిపోతుంది. ట్యాంకు తిప్పితే ఆ అయిపోయిన ద్రవం పక్కకు పోయి తాజాది వచ్చి చేరుతుంది, నలుపు పెరుగుతూనే ఉంటుంది. తిప్పకపోతే ఎండ పడిన భాగాల్లో పని మందగిస్తుంది. పైగా వెండి తయారయ్యేటప్పుడు విడుదలయ్యే బ్రోమైడ్ కూడా అక్కడే నిలిచి, పనిని ఇంకా వెనక్కి లాగుతుంది. నీడ భాగాల్లో చేయాల్సిందే తక్కువ, అక్కడి డెవలపర్ అరిగిపోదు. గంటంతా నెమ్మదిగా, తీరిగ్గా పనిచేస్తూనే ఉంటుంది. ఎండ ఆగుతుంది, నీడ నడుస్తుంది, మధ్య దూరం తగ్గుతుంది. డెవలపర్‌ని నూరోవంతుకు పలచన చేసేది ఇందుకే. చిక్కగా ఉంటే అది అయిపోయే ప్రశ్నే రాదు.

ఈ పనికి అందరూ చెప్పే పేరు రోడినాల్. 1891లో మొమ్మె ఆండ్రెసెన్ అనే రసాయనవేత్త పేటెంట్ తీసుకుంటే జర్మనీలో ఆగ్ఫా వాళ్ళు అమ్మారు. ఈ రోజుకీ అమ్మకంలో ఉందంటే, ఫోటోగ్రఫీలో ఇంత వయసున్న రసాయనాలు చాలా తక్కువ. ఆగ్ఫాఫోటో 2005లో దివాలా తీశాక కూడా ఇది పోలేదు, ఇప్పుడు ఆడాక్స్ పేరు మీద వస్తోంది. అందులో అసలు సరుకు పారా అమినోఫినాల్. నేను వెతికినప్పుడు మనవైపు ఎక్కడా స్టాక్ లేదు. అప్పుడు తెలిసింది, పారాసిటమాల్ బిళ్ళలతో దీనికి తమ్ముడిలాంటిదాన్ని ఇంట్లోనే చేసుకోవచ్చని. పారాసిటమాల్‌ని కాస్టిక్ సోడాలో వేస్తే దాని తోక ఊడిపోయి పారా అమినోఫినాలే మిగులుతుంది. దీన్ని పారోడినాల్ అంటారు.

మెడికల్ షాపులో 500 ఎంజీ బిళ్ళలు ముప్ఫై అడిగాను. కెఫీన్ లాంటివేమీ కలవని వట్టి పారాసిటమాలే కావాలని మరీ చెప్పి. షాపతను స్ట్రిప్పులు లెక్కపెడుతూ తలెత్తి, "ఇంటిల్లిపాదికీ జ్వరమా అన్నా?" అన్నాడు. ఫిల్ము కడగడానికి అంటే నమ్మేటట్టు లేడని అవునన్నాను.

బిళ్ళలు పొడిచేసి 15 గ్రాములు, సోడియం సల్ఫైట్ 50 గ్రాములు, కాస్టిక్ సోడా 20 గ్రాములు, అన్నీ కలిపి 250 ఎంఎల్. చెప్పడానికి ఇంతే. కాస్టిక్ సోడా మాత్రం ఆషామాషీ కాదు. దాన్ని చల్లటి నీళ్ళలోకి కొంచెం కొంచెంగా వేయాలి తప్ప దాని మీద నీళ్ళు పోయకూడదు. సీసా చెయ్యి కాలేంత వేడెక్కుతుంది, చుక్క కంట్లో పడితే చూపే పోవచ్చు. చేతులకు గ్లవ్స్, కళ్ళకు అద్దాలు, కిటికీ తెరిచి ఉన్న గది. పిల్లలకు అందని చోటు, సీసా మీద పెద్దక్షరాలతో విషం అని చీటీ. మూడు రోజులు కదపకుండా ఉంచితే బిళ్ళలోని పిండి అడుగున తెల్లగా పేరుకుని, పైన లేత గోధుమ రంగు ద్రవం తేరింది.

ఇక వేడి సంగతి. డెవలపింగ్ చార్టులన్నీ 20 డిగ్రీల చుట్టూ తిరుగుతాయి. అవి రాసినవాళ్ళకు ఏప్రిల్‌లో స్లాబు మీది సింటెక్స్ ట్యాంకులోంచి వచ్చే నీళ్ళ సంగతి తెలిసుండదు. మధ్యాహ్నం మా కుళాయి కింద థర్మామీటర్ పెడితే 36 చూపించింది. పదకొండు నిమిషాల పనైతే ఫ్రిజ్ నీళ్ళు కలిపి ఎలాగో నెట్టుకురావచ్చు. గంటసేపు అదే వేడి దగ్గర నిలబెట్టడం వేరే సంగతి. వేడి పెరిగితే డెవలపర్ జోరందుకుంటుంది, వెలుతురు తగలని చోట కూడా మసక పడుతుంది. అందుకని టీకాలూ చేపలూ పంపే థర్మాకోల్ పెట్టె ఒకటి సంపాదించి, అందులో 20 డిగ్రీల నీళ్ళు పోసి, ట్యాంకును మెడదాకా దింపే ఏర్పాటు చేశాను. ఐసు ముక్కలు నేరుగా వేయలేదు, వేస్తే ట్యాంకు ఒక పక్కే చల్లబడుతుంది. గంట తర్వాత చూస్తే 21.5. దానికంటే మంచిది నా వల్ల కాదు.

కలపడానికి బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ వాడాను. మా బోరు నీళ్ళలో ఉప్పదనం ఎక్కువ, ఆరాక ఫిల్ము మీద సున్నపు చుక్కలు మిగులుతాయి. 600 ఎంఎల్‌కి 6 ఎంఎల్ డెవలపర్, మందుల షాపు సిరంజితో కొలిచి. ఒక 35 ఎంఎం రీలుకు మామూలుగా 290 ఎంఎల్ చాలు, మరి ఇంతెందుకంటే, నూరోవంతు పలచనలో 290లో డెవలపర్ మూడు ఎంఎల్ కూడా ఉండదు. రీలుకు కనీసం ఐదైనా ఉండాలని చేసినవాళ్ళంతా చెబుతారు. అందుకే ఫిల్ము చుట్టే స్పైరళ్ళు రెండు పట్టే పాటర్సన్ ట్యాంకు. అందులో ఖాళీ స్పైరల్ కింద, ఫిల్మున్నది పైన. బ్రోమైడ్ బరువుగా కిందికి దిగుతుంది కాబట్టి, ఫిల్మును అడుగునుంచి ఎత్తిపెట్టడం మంచిదన్న లెక్క.

ఫిల్ము ఎక్కించడం రాత్రి బాత్రూంలో, తలుపు సందుల్లో దుప్పటి కుక్కి. ప్లాస్టిక్ స్పైరల్‌కు చెమట పడదు. చేతులు కాస్త తడిగా ఉన్నా సగంలో పట్టేస్తుంది. చీకట్లో ఫ్యాను లేకుండా చెమట పట్టకుండా ఉండటం ఎలాగో ఎవరూ చెప్పరు.

మొదట ఐదు నిమిషాలు వట్టి నీళ్ళలో నానబెట్టాను. డెవలపర్ అంతటా ఒకేసారి పట్టుకోవడానికి. నీళ్ళు పారబోసి డెవలపర్ పోసి, అరనిమిషం నెమ్మదిగా తిప్పి, గాలి బుడగలు పోవడానికి అడుగును అరచేత్తో రెండుసార్లు తట్టి, పెట్టెలో దింపాను. అంతే. ఇక చేయాల్సింది లేదు. అలవాటున్న చేతికి ఇదే పెద్ద టెన్షన్. లోపల ఏమీ జరగట్లేదేమో, ఒక్కసారి తిప్పితే పోలా అనిపిస్తుంటుంది. అన్నం తిని వచ్చాను, పెట్టె వంక చూడకుండా.

గంటయ్యాక, డెవలపర్ పనిని ఆపే స్టాప్ బాత్ బదులు రెండుసార్లు నీళ్ళతో తొలిచి, మిగిలిన సిల్వర్ బ్రోమైడ్‌ని కరిగించి తీసేసే హైపో. లీటరుకు 250 గ్రాముల హైపో, 25 గ్రాముల సోడియం మెటాబైసల్ఫైట్. ఎండాకాలంలో హైపోకి ఒక సుగుణం ఉంది, కరుగుతున్నప్పుడు నీళ్ళను తనే చల్లబరుస్తుంది. ముందే కత్తిరించి పెట్టుకున్న ఫిల్ము కొస అందులో వేసి, పారదర్శకం కావడానికి ఎంతసేపు పట్టిందో చూసి, దానికి రెట్టింపు సేపు ఉంచాను. కడగడం ఇల్ఫర్డ్ వాళ్ళ పద్ధతిలో: నీళ్ళు నింపి ఐదుసార్లు తిప్పి పారబోయడం, మళ్ళీ నింపి పది, మళ్ళీ ఇరవై. గంటసేపు కుళాయి వదిలే కాలం కాదిది.

స్పైరల్ నుంచి విప్పి ట్యూబ్‌లైట్‌కు ఎదురుగా పట్టుకున్నాను. మొదట కనిపించింది స్తంభం ఫ్రేమే. భూతద్దం పెట్టి చూస్తే బయటి రాతి నేల నల్లగా ముద్దకట్టలేదు. పలకల మధ్య సందులు, వాటి మీద నడుస్తున్న ఓ పెద్దావిడ చీర కుచ్చిళ్ళు కూడా విడివిడిగా ఉన్నాయి. స్తంభం నీడలో చెక్కిన పూసల వరస లెక్కపెట్టేంత స్పష్టం. ఇంకో సంగతి, స్తంభం అంచూ బయటి వెలుతురూ కలిసేచోట వెంట్రుకవాసి గీత ఒకటి, పెన్నుతో గీసినట్టుంది. దీన్ని మాకీ లైన్ అంటారు. వెలుగు పక్క అయిపోయిన డెవలపర్‌కు నీడ పక్కనుంచి తాజాది కొంచెం పాకి వస్తుంది, అక్కడ అంచు ఇంకాస్త నల్లబడుతుంది. వెలుగు పక్కనుంచి బ్రోమైడ్ ఇటు పాకి నీడ అంచును ఇంకాస్త పలచబరుస్తుంది. తిప్పితే ఈ రెండూ చెదిరిపోతాయి. ఫోటోకు వచ్చే పదును లెన్సుది కాదు, ఈ గీతది. అదే ఫ్రేములో గ్రెయిన్, అంటే వెండి రేణువుల గరుకుదనం కూడా గట్టిగానే కనిపించింది. డి-76లో లీటరుకు నూరు గ్రాముల సల్ఫైట్ ఉండి వెండి రేణువుల అంచులను కరిగిస్తుంది. నూరోవంతు పారోడినాల్‌లో ఆ మెత్తదనం ఉండదు. నల్లరాతికి అది నప్పింది. మనుషుల ముఖాలకైతే నేను వాడను.

గుడి బయట, గోపురం లేని ఆ నక్షత్రాకారపు కట్టడం మీద ఖాళీ ఆకాశం పెట్టి తీసిన ఫ్రేములు వేరే కథ. ఆకాశంలో, సరిగ్గా ఫిల్ము అంచుల్లో ఉండే పెర్ఫరేషన్ రంధ్రాల వరసన, దువ్వెన పళ్ళలా చారలు. రంధ్రమున్నచోట ఎమల్షన్, అంటే సిల్వర్ బ్రోమైడ్ ఉన్న పూత లేదు కాబట్టి అక్కడి డెవలపర్ తాజాగానే ఉంటుంది, దాని పక్కన బ్రోమైడ్ కిందికి జారుతూ ఉంటుంది. రెంటి జాడా ఆకాశం లాంటి సాదా భాగంలో అచ్చుపడుతుంది. బ్రోమైడ్ డ్రాగ్ అనేది ఇదే. మంటపం లోపలి ఫ్రేముల్లోనూ ఇది ఉండే ఉంటుంది, చెక్కడాల గజిబిజిలో కంటికి ఆనలేదు.

నెగిటివ్‌లు తీసుకెళ్ళి మా పేటలో స్టూడియో నడిపి మానేసిన పెద్దాయనకు చూపించాను. ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వాళ్ళు చేసిన ఇందు రీళ్ళు, తూర్పు జర్మనీ ఓర్వో రీళ్ళు కడిగిన చేతులవి. కడగక ముందే ఆయనకు సంగతి చెప్పి ఉన్నాను. అప్పుడే అన్నాడు: "కదపకపోతే మచ్చలు పడతయి బిడ్డా. మేం డిష్‌ల రీలును రెండు చేతులతోని కిందికి మీదికి ఆడిస్తుంటిమి. చెయ్యి ఆగితే మా ఓనర్ తిట్టేటోడు." ఇప్పుడు ఆకాశం ఫ్రేములు వెలుతురుకు పెట్టి చూసి, "చెప్పలేదా?" అన్నాడు. స్తంభం ఫ్రేము దగ్గర మాత్రం చాలాసేపు ఆగాడు.

"ఇది మంచిగొచ్చింది. గీ నేల తెప్పియ్యాలంటే మేం ప్రింట్ల చేతులు అడ్డం పెట్టి తిప్పలు పడేటోళ్ళం."

"మరి కదపకుండా మీరెప్పుడూ చెయ్యలేదా సార్?"

"ఒక రీలు గంట పెడితే పెండ్లి రీళ్ళు ఎప్పుడు కడగాలె?"

దానికి నా దగ్గర జవాబు లేదు.

తర్వాతి రీలుకు మిగతా అంతా అలాగే ఉంచి, అరగంట దగ్గర ట్యాంకును రెండుసార్లు మాత్రం నెమ్మదిగా తలకిందులు చేశాను. బుడగలు లేచేలా కుదపలేదు. పేరుకున్న బ్రోమైడ్ చెదిరితే చాలు. చారలు పూర్తిగా పోలేదు గానీ వెతికితే తప్ప కనిపించనంత తగ్గాయి. బయటి నేల వివరం అంతే ఉంది. అంచు గీత కొంచెం పలచబడింది, ఆ మాత్రం వదులుకోవచ్చు. అప్పటినుంచి పూర్తి స్టాండ్ చేయడం మానేశాను. సెమీ స్టాండే.

దీని గురించి వినిపించే గొప్పలన్నీ నమ్మనక్కర్లేదు. ఏ ఫిల్మైనా సరే, ఏ ఐఎస్‌ఓలో తీసినా సరే, గంటే అంటారు. గంటలో ఏదో ఒక బొమ్మ వస్తుంది, అది నిజం. వెలుతురు తగలని నీడలో లేని వివరాన్ని మాత్రం ఏ గంటా తెచ్చిపెట్టదు. ఐఎస్‌ఓ 1600లో తీసిన ఓ రీలు కడిగితే నీడలు ఖాళీగా, మిగతా అంతా బూడిదగా వచ్చింది. ఇంకోటి, మబ్బు పట్టిన రోజు తీసినవాటికి ఇది పనికిరాదు. అసలే తేడా లేని వెలుతురును ఇంకా చదును చేస్తుంది. భద్రకాళి చెరువు గట్టు మీద ముసురులో తీసిన రీలును ఇలా కడిగితే ఎలా ఉంటుందో ఊహించగలను, అందుకే దాన్ని యాభయ్యోవంతు పలచనలో, మామూలుగా తిప్పుతూ పదకొండు నిమిషాలు కడిగాను. ఆకాశం, సున్నం గోడలు ఎక్కువున్న రీళ్ళకూ అదే.

దీనికి బాగా అతికే కెమెరా ఇంకొకటి ఇంట్లోనే దొరికింది. అటక మీది ఆగ్ఫా క్లిక్ త్రీ, బరోడాలో తయారైనది. ఎక్స్‌పోజర్ మార్చుకోవడానికి అందులో ఎండ, మబ్బు అని గుర్తులే. మీటర్ లేదు, ఏమీ లేదు. దాంతో ఒక రీలు తీస్తే కొన్ని ఫ్రేములకు వెలుతురు ఎక్కువా, కొన్నింటికి తక్కువా కాక తప్పదు. అన్నింటినీ ఒకే ట్యాంకులో ఓ మాదిరిగా గట్టెక్కించడం సెమీ స్టాండ్‌కు బాగా తెలిసిన విద్య. పైగా అది వాడేది 35 ఎంఎం కంటే వెడల్పైన 120 ఫిల్ము, దానికి పెర్ఫరేషన్ రంధ్రాలే ఉండవు. ఫోమాపాన్ 100 ఫిల్ము వేసి, 500 ఎంఎల్‌లో 5 ఎంఎల్ కలిపి, అరగంటకు ఒకసారి తిప్పి కడిగాను. వసారాలో కూర్చున్న మా నాయనమ్మ, బయట ఎండలో ఎద్దుల బండి, రెండూ ఒకే రీల్లో అచ్చువేయదగ్గట్టే వచ్చాయి. దువ్వెన చారలు లేవు. ఒక ఫ్రేములో మాత్రం తెల్ల పంచె కట్టుకున్న మనిషి కింద మసగ్గా ఓ చార దిగింది. బ్రోమైడ్‌కు రంధ్రాలతో పనిలేదు మరి. ఈసారి అరగంట బదులు ఇరవై నిమిషాలకోసారి తిప్పి చూడాలి.